అరవై వేలలో రైఫిల్ వస్తుందా?

షూటింగ్ ఆట గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, సికింద్రాబాద్‌లో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పే కోచ్ మేడమ్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతాను. మా పాప ఎనిమిదో తరగతి, పదమూడేళ్లు. వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉండి షూటింగ్ క్యాంపుకు వెళ్లింది. అప్పటి నుంచి రైఫిల్ కొనమని ఒకటే గొడవ. అరవై వేల దాకా పెట్టగలను. ఆన్‌లైన్‌లో స్కోప్‌తో కలిపి పద్నాలుగు వేలకు ఒకటి చూశాను. తెలిసినాయన ఒకరు తన కొడుకు వాడిన, సిలిండర్‌లో గాలి నింపి కాల్చే జర్మన్ పీసీపీ రైఫిల్ ఎనభై ఐదు వేలకు ఇస్తానంటున్నాడు. కొత్తది రెండున్నర లక్షలట. ఏది తీసుకోమంటారు? లైసెన్స్ టెన్షన్ ఏమైనా ఉంటుందా?
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: లైసెన్స్ సంగతి ముందు తేల్చేద్దాం. తల్లిదండ్రులకు నిద్ర పట్టనిది దాని గురించే. గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177, మించకుండా, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) బయటికి వచ్చే శక్తి 20 జూల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. 10 మీటర్ల పోటీల్లో వాడే రైఫిళ్లన్నీ ఈ హద్దు లోపలే ఉంటాయి. అయినా షాపువాళ్లు ఆధార్, అడ్రస్ ప్రూఫ్ తీసుకుంటారు. బిల్లు మీ పేరు మీదే చేయించండి, పాప పేరు మీద కాదు. ఆ బిల్లు కాపీ ఒకటి రైఫిల్ పెట్టెలోనే ఉంచండి. బస్సులో కండక్టరో, స్టేషన్ దగ్గర కానిస్టేబులో అడిగితే చూపించడానికి పనికొస్తుంది. పాత రైఫిల్ కొన్నా అమ్మినాయన దగ్గర అసలు బిల్లు, ఒక రాతకోత తీసుకోకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఇక అసలు మాట. ఆ రెండింటిలో ఏదీ ఇప్పుడే కొనొద్దు. ఇంకో నాలుగైదు నెలలు క్లబ్బు రైఫిల్‌తోనే కాల్చనివ్వండి. పాప అలుగుతుంది, అలగనివ్వండి.

ఎందుకంటున్నానంటే, పదమూడేళ్ల పిల్ల ఏడాదిలో ఎంత ఎదుగుతుందో మీకు తెలుసు. స్కూలు యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు రైఫిల్ పెద్దది కొంటామంటే కుదరదు. రైఫిల్ వెనక భాగం, అంటే బట్, చివర భుజానికి ఆనాలి, చెంప చీక్ పీస్ మీద వాలాలి, కన్ను తనంతట తాను పీప్ సైట్ (గురి చూసే చిన్న రంధ్రం) వెనక్కి రావాలి. మెడ సాచి వెతుక్కోవాల్సి వచ్చిందంటే ఆ రైఫిల్ ఆ పిల్లది కాదు. బరువూ అంతే. నియమాల ప్రకారం 5.5 కిలోల దాకా ఉండొచ్చు గానీ, ఈ వయసు పిల్ల చేతికి నాలుగు కిలోలే ఎక్కువ. మా దగ్గర చిన్నపిల్లలు మొదట్లో స్టాండు మీద ఆనించే కాలుస్తారు. బరువు మోయడం తర్వాత వస్తుంది, ముందు ట్రిగ్గర్ మీద వేలు కుదరాలి.

ఇంకొకటి, ఈ రాత్రే చూడండి. పాపను రెండు అరచేతులూ ముందుకు చాచి, మధ్యలో చిన్న సందు వదిలి, ఆ సందులోంచి గోడ గడియారాన్ని చూడమనండి. రెండు కళ్లూ తెరిచే ఉండాలి. తర్వాత ఒక్కో కన్నూ మూయించండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే నిలుస్తుందో ఆ కన్నే గురి కన్ను. కుడిచేతి వాటం పిల్లల్లో కొందరికి ఎడమ కన్ను ముందుంటుంది. అలాంటప్పుడు ఎడమ భుజం మీద నేర్పాలా, ఆ కన్నుకు అడ్డు పెట్టి కుడి భుజం మీదే నేర్పాలా అన్నది కోచ్ పిల్లను కొన్నాళ్లు చూశాక తేల్చాల్సిన విషయం. మీరు కుడిచేతి రైఫిల్ కొనేశాక ఇది బయటపడితే తలనొప్పే.

పద్నాలుగు వేల రైఫిల్ గురించి. అది గొట్టాన్ని మధ్యలో మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిల్ అయ్యుంటుంది. జాతరలో బెలూన్లు కొట్టించేది ఆ జాతిదే. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగు, పిస్టన్ ముందుకు దూకుతాయి. పెల్లెట్ గొట్టం దాటేలోపే రైఫిల్ ఒక్క కుదుపు కుదుపుతుంది. చేయి ఎంత స్థిరంగా ఉన్నా ఆ కుదుపు ఎటు లాగితే పెల్లెట్ అటే పోతుంది. పిల్లకు తన తప్పేదో, రైఫిల్ తప్పేదో తెలియకపోవడమే దీంతో వచ్చే పెద్ద నష్టం. నేర్చుకునేవాళ్లకు కావాల్సిందే ఆ తేడా. పైగా ఆ స్కోప్! 10 మీటర్ల పోటీలో టెలిస్కోప్ పనికిరాదు. పెట్టె మీద ఎంత వేగమో గొప్పగా రాస్తారు చూడండి, అదీ మనకు అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో వాడే రైఫిల్ పెల్లెట్ సెకనుకు 170 మీటర్లు, కాస్త అటూ ఇటూ వేగంతోనే వెళ్తుంది. కాగితానికి చిల్లు పడటానికి అది చాలు.

అయితే స్ప్రింగ్ రైఫిల్‌ను పూర్తిగా తీసిపారేయను. స్కూల్ గేమ్స్ పోటీల్లో ఓపెన్ సైట్ (గొట్టం మీది గాడి, ముల్లు కలిపి గురి చూసేది), పీప్ సైట్ అని రెండు విభాగాలు నడిచాయి. ఓపెన్ సైట్‌లో మన దేశంలో తయారైన ప్రెసిహోల్ ఎన్ఎక్స్ 100 లాంటి స్ప్రింగ్ రైఫిల్ పట్టుకుని కాల్చే పిల్లలు ఎందరో. ఈసారి మీ జిల్లాలో ఏ విభాగాలు పెడుతున్నారో పాప పీఈటీ సార్‌ను అడగండి. ఓపెన్ సైట్ ఉందంటే, పాప అందులోనే దిగుతానంటే పద్నాలుగు వేలు వృథా కాదు. స్కోప్ మాత్రం విప్పి పక్కన పెట్టండి.

ఎనభై ఐదు వేల జర్మన్ రైఫిల్ మీద మీ మనసు పడిందని ఉత్తరంలోనే తెలుస్తోంది. తప్పు లేదు. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్టర్, అన్షుట్జ్ అంటే ఈ ఆటలో పెద్ద పేర్లు, బాగా చూసుకుంటే రైఫిల్ చాలా ఏళ్లు మన్నుతుంది. కానీ పీసీపీ అంటే గొట్టం కింద ఒక సిలిండర్, అందులో 200 బార్ ఒత్తిడితో గాలి. మీ స్కూటర్ టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. ఇది దానికి దాదాపు వంద రెట్లు. పెట్రోలు బంకులో పట్టే గాలి కాదన్నమాట. అందుకే మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇది: ఖమ్మంలో గాలి ఎక్కడ నింపిస్తారు? ఒకసారి నింపితే రెండు వందల షాట్ల దాకా వస్తాయి. గట్టిగా సాధన చేసే పిల్లకు అది రెండు రోజులు. హైదరాబాద్ రావాలంటే రెండు వందల కిలోమీటర్లు. చేతి పంపు దొరుకుతుంది, కానీ చివరి యాభై బార్ ఎక్కించడానికి మీ బరువంతా దాని మీద వేయాలి. రోజూ షాపు కట్టేసి వచ్చి ఆ పని చేయగలరా? లేదంటే నీళ్లలోకి దిగే స్కూబా డైవర్లు వాడే పెద్ద సిలిండర్ కొని హైదరాబాద్‌లో నింపించి తెచ్చుకోవాలి. ఆ ఖర్చు ఎనభై ఐదు వేలలో లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. కొందరు తెలివిగా ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపించుకుందామంటారు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు ఏ మూలో ఉన్న చుక్క నూనో గ్రీజో తగిలితే పేలిపోతుంది. పొడి గాలి తప్ప ఇంకేదీ అందులోకి వెళ్లకూడదు.

అయినా చూద్దామనుకుంటే రైఫిల్ కన్నా ముందు సిలిండర్ చూడండి. దాని మీద తయారీ నెల, ఏడాది చెక్కి ఉంటాయి. ఆ తేదీ నుంచి పదేళ్ల వరకే వాడమని తయారీదారులు చెబుతారు. గడువు తీరిన సిలిండర్‌తో పోటీకి వెళ్తే రైఫిళ్లు తనిఖీ చేసే చోటే ఆపేయొచ్చు. “కొడుకు వాడింది” అన్నారు కాబట్టి ఎన్నేళ్ల కిందట కొన్నాడో అడగండి. కొత్త సిలిండర్‌కు వేలల్లో అవుతుంది, ఆ మేరకు ధర తగ్గించమనండి. తర్వాత రాత్రి గాలి నింపి ఒత్తిడి చూపే గేజ్ చూసి పెట్టి, పొద్దున మళ్లీ చూడండి. ముల్లు దిగితే లోపల గాలి ఆపే సీళ్లు పోయినట్టు.

ఆఖరి పరీక్ష క్లబ్బులో చేయించండి. రైఫిల్‌ను కదలకుండా బిగించి పది మీటర్ల నుంచి ఒకే గురి మీద ఐదు పెల్లెట్లు కాల్పించాలి. గురి చూసే కార్డులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, చుక్క అంచు తగిలినా పది పడుతుంది. అంటే పెల్లెట్ నడిబొడ్డు కార్డు నడిబొడ్డుకు రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడాలి. మంచి మ్యాచ్ రైఫిల్, అంటే పోటీల కోసం చేసింది, బిగించి కాలిస్తే ఐదూ ఒకే చిల్లులో, అంచులు కాస్త చెదిరినట్టుగా పోతాయి. ఐదు వేర్వేరు చిల్లులు కనపడ్డాయంటే ముందు వేరే పెల్లెట్ మార్చి చూడండి. ఒక్కో గొట్టానికి ఒక్కో పెల్లెట్ నచ్చుతుంది. అప్పటికీ అంతే అయితే దండం పెట్టి వచ్చేయండి.

మీరు అడగని మూడో దారి ఒకటుంది, నా ఓటు దానికే. పాత సైడ్ లీవర్ రైఫిళ్లు. ఫైన్‌వెర్క్‌బావ్ 600 వరుసవి, అంటే 601, 602, 603 లాంటివి. పక్కనున్న లీవర్ ఒక్కసారి లాగి మూస్తే ఆ షాట్‌కు కావాల్సిన గాలి అందులోనే నిండుతుంది. సిలిండర్ లేదు, గడువు లేదు, హైదరాబాద్ ప్రయాణం లేదు. కుదుపూ దాదాపు ఉండదు. సిలిండర్ రైఫిళ్లు రాకముందు ప్రపంచ స్థాయి పోటీలు గెలిచినవి ఇవే. మా రేంజ్‌లో ఒక 603 ఉంది, పిల్లలు దాన్ని తాతయ్య అంటారు. కొత్తగా వచ్చే ప్రతి పిల్లనూ ముందు తాతయ్య దగ్గరికే పంపుతాను. ఇబ్బంది ఒక్కటే, ప్రతి షాట్‌కూ లీవర్ లాగాలి. పోటీలో అరవై షాట్లకు అరవై సార్లు. చిన్న చేతులు అలిసిపోతాయి, మొదట్లో మీరు పక్కన నిలబడి లాగివ్వొచ్చు. సీళ్లు మార్చగల మెకానిక్ హైదరాబాద్‌లోనో పుణెలోనో ఉన్నాడని రూఢి చేసుకున్నాకే కొనండి. పాత రైఫిళ్ల ధర వాటి స్థితిని బట్టి ఉంటుంది గానీ, మీ అరవై వేలలో వెతకదగింది ఇదే.

ఆ అరవై వేలు కూడా మొత్తం రైఫిల్‌కే పోయొద్దు. లెక్క చెబుతాను. వారానికి ఐదు రోజులు, రోజుకు వంద పెల్లెట్లు అనుకుంటే వారానికి ఐదు వందల డబ్బా ఒకటి. మ్యాచ్ పెల్లెట్ల డబ్బా ఇప్పుడు వెయ్యి రూపాయలు, అటూ ఇటూగా. నెలకు నాలుగు వేలు, ఏడాదికి దాదాపు యాభై వేలు. రైఫిల్ ఒక్కసారి కొంటారు, పెల్లెట్లు ప్రతి నెలా కొంటారు. ఎనభై ఐదు వేలు పోసి రైఫిల్ తెచ్చి, పెల్లెట్లకు డబ్బు చాలక వారానికి ఒక్క రోజు కాల్చే పిల్లలను చూస్తుంటాను. వాళ్లకన్నా క్లబ్బు రైఫిల్‌తో రోజూ కాల్చే పిల్లలే ముందుంటారు.

ఖర్చు తగ్గే ఉపాయమూ చెబుతాను. మ్యాచ్ రైఫిళ్లలో చాలావాటికి డ్రై ఫైర్ మీట ఉంటుంది. పెల్లెట్ లేకుండా, గాలి లేకుండా ట్రిగ్గర్ ఒక్కటే పనిచేస్తుంది. తెల్ల గోడ ముందు నిలబడి రోజూ అరగంట అలా చేయిస్తే సగం పెల్లెట్ల పని అయిపోతుంది. వారంలో మూడు రోజులు గోడ, రెండు రోజులు కార్డు. ఖరీదు సున్నా, పిల్లలకు మాత్రం మహా విసుగు.

జాకెట్ కూడా వెంటనే వద్దు. మందపాటి కాన్వాస్ జాకెట్ ఒంటికి అతికినట్టు ఉండాలి. ఎదిగే పిల్లకు ఏడాదిన్నరలో బిగుతైపోతుంది. క్లబ్బులో పెద్ద పిల్లలు విడిచిన జాకెట్లు ఉంటాయి, అడగండి, మొహమాటపడకండి. గ్లోవ్ ఒక్కటి సొంతంగా కొనండి.

మీ షాపు వెనక గోడౌన్ పది మీటర్లకు పైన పొడవుంటే అక్కడే రేంజ్ అవుతుంది. కార్డు మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో రావాలి. వెనక వాలుగా పెట్టిన ఇనుప పలక, కింద పెల్లెట్లు పడే పెట్టె, పక్క తలుపులకు లోపలి నుంచి గడియ. కాల్చేటప్పుడు అందరికీ కళ్లద్దాలు. పెల్లెట్లు సీసంతో చేసినవి, కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పాపను అన్నం దగ్గరికి రానివ్వకండి. పని కాగానే రైఫిల్ తాళం వేసిన బీరువాలోకి, తాళంచెవి మీ జేబులోకి. చుట్టుపక్కల పిల్లలకు చూపించడాలు ఉండకూడదు.

ప్రశ్న: సిద్దిపేట దగ్గర మాది మొక్కజొన్న చేను. కోతులతో వేగలేకపోతున్నాం. తక్కువ ధరలో దూరం కొట్టే ఎయిర్ గన్ ఏదో చెప్పండి.
— ఒక రైతు

జవాబు: అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ నేను చెప్పను. ఎయిర్ గన్ దెబ్బకు కోతి వెంటనే చావదు, గాయంతో తిరిగి తిరిగి కుళ్లి చస్తుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేసు మీ మీద పడుతుంది. పైగా చేల మధ్య పెల్లెట్ ఎక్కడికి పోయి ఎవరి కంట్లో తగులుతుందో మీ చేతిలో ఉండదు. ఇది ఆటల శీర్షిక, కోతుల సంగతి మీ వ్యవసాయ అధికారిని అడగండి.

ప్రశ్న: మేడమ్, నేను రాజమండ్రిలో డిగ్రీ సెకండియర్, ఎన్‌సీసీ క్యాడెట్‌ను. క్యాంపులో పాయింట్ 22 డీలక్స్ రైఫిల్‌తో ఫైరింగ్ చేస్తే నా గ్రూపింగ్ (తూటాలన్నీ ఒకే చోట దగ్గరగా పడటం) అందరికన్నా బాగా వచ్చింది. పాయింట్ 22 రైఫిల్ సొంతంగా కొనుక్కోవాలని ఉంది. ట్యూషన్లు చెప్పి పదిహేను వేలు దాచాను.

జవాబు: గ్రూపింగ్ అన్న మాట వాడావంటేనే పని తెలిసిన పిల్లవని అర్థమైంది. కానీ పాయింట్ 22 మందుగుండు రైఫిల్. దానికి ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి, తూటాలకూ లెక్క ఉంటుంది. అది రెండో మెట్టు. మొదటి మెట్టు 10 మీటర్ల ఎయిర్ రైఫిలే. క్యాంపులో నువ్వు బోర్లా పడుకుని కాల్చావు, నేల నీకు సగం సాయం చేసింది. ఇక్కడ నిలబడి కాల్చాలి. 2018 నుంచి అమ్మాయిలకూ మగపిల్లలతో సమానంగా 60 షాట్లు, అంతకుముందు 40 ఉండేవి. కాళ్లు, నడుము ఇప్పటి నుంచే అలవాటు పడాలి.

పదిహేను వేలతో ఏ రైఫిలూ కొనకు. దగ్గర్లో 10 మీటర్ల రేంజ్ ఎక్కడుందో చూసి అక్కడ చేరు. ఒక గ్లోవ్, అడుగు చదునుగా ఉండే బూట్లు, మిగిలింది పెల్లెట్లు. మీ ఎన్‌సీసీ ఆఫీసర్‌కు షూటింగ్ జట్టు సెలక్షన్స్‌కు పంపమని కాగితం మీద రాసివ్వు. నోటిమాటగా అడిగితే మర్చిపోతారు. జట్టులో చోటు దొరికితే రైఫిల్, తూటాలు అన్నీ వాళ్లవే. నీ డబ్బు బ్యాంకులోనే ఉంటుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నేను హెచ్1బీ, మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వాడి ఫ్రెండ్స్ 4-హెచ్ అనే పిల్లల క్లబ్బులో షూటింగ్ నేర్చుకుంటున్నారు. ఇక్కడ వాల్‌మార్ట్‌లో కూడా రైఫిళ్లు దొరుకుతాయి కదా, మొదటిది తక్కువలో ఏది కొనాలి?

జవాబు: షాపులో దొరికినంత మాత్రాన మీరు కొనవచ్చని కాదండీ. హెచ్1బీ, దాని మీద వచ్చిన హెచ్4 లాంటి వీసాల్లో ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. వాటి మీద ఆధారపడే ముందు అక్కడి లాయర్‌తో మాట్లాడండి. ఇది ఇమిగ్రేషన్ దాకా వెళ్లే వ్యవహారం, ఫ్రెండ్ చెప్పాడని చేయొద్దు.

ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. ఫెడరల్ చట్టం దాన్ని తుపాకీగా లెక్కించదు. మీ అబ్బాయికి కావాల్సిందీ అదే. అక్కడి పిల్లల పోటీల్లో ‘స్పోర్టర్’ అని తక్కువ ఖరీదు రైఫిళ్లకే ఒక తరగతి ఉంది. అందులో డైసీ 853, క్రాస్‌మన్ ఛాలెంజర్ బాగా వాడుకలో ఉన్నవి. డైసీ పాతదైనా పక్క లీవర్‌తో నడుస్తుంది, సిలిండర్ గొడవ లేదు. కొనకముందు 4-హెచ్ క్లబ్బులో అడగండి, చాలా క్లబ్బుల్లో రైఫిళ్లు వాళ్లవే ఉంటాయి. గ్రీన్ కార్డు వచ్చాక పాయింట్ 22 కావాలంటే సావేజ్ మార్క్ 1 లాంటి బోల్ట్ యాక్షన్ (చేత్తో పిడి లాగి లోడ్ చేసేది) చూడండి. ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని కాల్చేది నేర్చుకునేవాళ్లకు మంచిది.

ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్తే అక్కడి చట్టం మళ్లీ చదవండి. న్యూజెర్సీలో ఎయిర్ గన్‌నూ ఫైర్‌ఆర్మ్ కిందే లెక్కేస్తారు. ఇండియా వచ్చేటప్పుడు మాత్రం ఆ రైఫిల్ లగేజీలో పెట్టుకోవద్దు, కస్టమ్స్ దగ్గర ఆగిపోతుంది. సెలవులకు వచ్చినప్పుడు అబ్బాయిని మా రేంజ్‌కు తీసుకురండి, తాతయ్యతో కాల్పిస్తాను.